మునిగిన ఓడల ప్రయాణికుల సామాన్లు: ప్రదర్శనకు ఏవి ఎంచుకోవాలి, పక్కన చీటీలో ఏం రాయాలి?

శేషాచలం_నీడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగం జనవరిలో ఒక చిన్న ప్రదర్శన పెడుతోంది. మునిగిపోయిన ఓడల్లో ప్రయాణికులు వెంట తెచ్చుకున్న సొంత సామాన్ల గురించి. దువ్వెన, చేతిసంచి, బూట్లు, ఉత్తరం, ఇట్లాంటివి. ఆ మనిషి ఎవరు, ఎక్కడికి, ఎందుకు బయల్దేరాడు అన్నది వాటి ద్వారా చెప్పాలని ఆలోచన. ఒక హాలు, ఆరు గాజు షోకేసులు ఉన్నాయి. అసలు వస్తువులు మన చేతికి రావు కాబట్టి ఫోటోలు, నమూనాలే పెడతాం.

అందరూ టైటానిక్ అంటున్నారు. అదొక్కటే చాలా, మన దేశం నుంచి బయల్దేరిన ఓడలు కూడా పెట్టొచ్చా? ఇనుమును తినేసిన సముద్రం కాగితాన్ని ఎట్లా వదిలింది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. హాల్లోనే చేసి చూపించే ప్రయోగం ఏదైనా ఉంటే చెప్పండి. వస్తువు పక్కన పెట్టే చీటీలో ఏం రాయాలి, ఎంత రాయాలి?

ఇంకొకటి. చిత్తూరు దగ్గరి ఒక కుటుంబం, వాళ్ల ముత్తాత దక్షిణాఫ్రికాలోని నటాల్ పోయి తిరిగొచ్చినప్పటి రేకు ట్రంకు పెట్టె, నాలుగైదు ఉత్తరాలు ఇస్తామన్నారు. ఆయన ఎక్కిన ఓడ మునగలేదు. అయినా పెట్టొచ్చా? పెడితే ఎట్లా చూసుకోవాలి?

పాతకాగితం

వస్తువులు ఎంచుకునే ముందు ప్రతిదానికీ ఒక్క ప్రశ్న వేయండి: ఓడ మునిగే వేళకు ఇది ఎక్కడుంది? అడుగున హోల్డులోనా, కేబిన్‌లోనా, మనిషి జేబులోనా, లైఫ్‌బోటులోనా? హోల్డులోని పెట్టె అంటే కొత్త ఊళ్లో మొదలుపెట్టబోయే బతుకు కోసం ఇంటి దగ్గర తీరిగ్గా సర్దుకున్నది. జేబులోది ఆ రాత్రి మనిషి ఒంటి మీద ఉన్నది. లైఫ్‌బోటులోకి ఎక్కిన వస్తువు నిమిషాల్లో ఎంచుకున్నది. ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. అన్నీ ఒకే షోకేసులో కలిపి 'విషాద స్మృతులు' అని బోర్డు పెడితే ఏదీ చెప్పినట్టు కాదు. షోకేసులను ఓడ పేరుతో కాకుండా ఈ లెక్కన విడదీయండని నా సలహా.

టైటానిక్ తప్పకుండా పెట్టండి, ఎందుకంటే దాని కాగితాలు మిగతా ఓడలకంటే బాగా దొరుకుతాయి. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండకు తగిలి, 15 తెల్లవారుజామున మునిగింది. దాదాపు 1,500 మంది పోయారు. 1985 సెప్టెంబర్ 1న దాదాపు 3,800 మీటర్ల లోతులో శిథిలం కనబడింది. 1987 నుంచి దాదాపు 5,500 వస్తువులు పైకి తెచ్చారు. వాటిలో మీకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

మొదటిది మరియన్ మీన్వెల్ చేతిసంచి. మొసలి జాతి తోలుతో చేసింది. ఆమెది మూడో తరగతి టికెట్, వయసు 63, టోపీలు కుట్టే వృత్తి. ఆమె బతకలేదు. సంచిలో రెండు కాగితాలు ముఖ్యం. ఒకటి వైద్య తనిఖీ కార్డు. అందులో మెజెస్టిక్ అనే వేరే ఓడ పేరుంది, అంటే ముందు ఆ ఓడలో పోవాల్సిన మనిషి. రెండోది లండన్‌లో ఇంటి యజమాని తరఫున ఇచ్చిన ఉత్తరం, ఈమె మంచి అద్దెదారు అని. అమెరికాలో కొత్త ఇల్లు వెతుక్కోవడానికి ఆ కాగితం పట్టుకుని బయల్దేరిందన్నమాట. 63 ఏళ్ల ఒంటరి ఆడమనిషి దేశం మారడానికి ఏం సిద్ధం చేసుకుందో ఆ ఒక్క సంచి చెబుతుంది. నన్నడిగితే మీ ప్రదర్శనకు ఇదే మొదటి వస్తువు కావాలి.

రెండోది అడాల్ఫ్ సాల్‌ఫెల్డ్ తోలు పెట్టె. ఈయన మాంచెస్టర్ అత్తరు వ్యాపారి, మొదటి తరగతి. అరవైకి పైగా చిన్న సీసాల నమూనాలు అమెరికాలో అమ్ముకుందామని తెచ్చుకున్నాడు. ఆయన లైఫ్‌బోటులో బతికాడు, పెట్టె మాత్రం మునిగింది. 2000లో పైకి తెస్తే కొన్ని సీసాల్లో వాసన ఇంకా ఉంది. యజమాని బతికి, సరుకు మునిగిన సందర్భానికి ఇది ఉదాహరణ.

మూడోది హోవర్డ్ ఇర్విన్ ట్రంకు. 1993లో తీశారు. అందులో క్లారినెట్, పాటల కాగితాలు, డైరీ ఉన్నాయి. కానీ ఇర్విన్ ఆ ఓడ ఎక్కనే లేదు. ఎక్కింది అతని స్నేహితుడు హెన్రీ సట్‌హాల్, చనిపోయిందీ అతనే. పెట్టె మీద పేరు చూసి 'ఈయన మునిగిపోయాడు' అని రాసేస్తే ఎంత తప్పో పిల్లలకు దీంతో తేలిగ్గా అర్థమవుతుంది.

నాలుగోది రవంత జాగ్రత్తగా చెప్పాల్సింది. కెనడాలో హాలిఫాక్స్‌లోని అట్లాంటిక్ సముద్ర మ్యూజియంలో ఒక పసిబిడ్డ తోలు బూట్ల జత ఉంది. మెకే బెన్నెట్ అనే, సముద్రంలో టెలిగ్రాఫ్ తీగలు వేసే కేబుల్ ఓడ 306 మృతదేహాలను నీళ్లలోంచి తీసింది. జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్ అనే అధికారి పెట్టిన పద్ధతి ఏమిటంటే, ఒక్కో దేహానికి ఒక నంబరు, జేబులో దొరికినవన్నీ అదే నంబరున్న గుడ్డసంచిలో. అందువల్లే ఆ తర్వాత చాలామందిని గుర్తించగలిగారు. 1917లో హాలిఫాక్స్ పేలుడప్పుడు కూడా ఇదే పద్ధతి వాడారు. జ్ఞాపికల కోసం ఎగబడేవాళ్ల చేతిలో పడకూడదని మృతుల బట్టలు తగలబెట్టారు. 4వ నంబరు బిడ్డ బూట్లు మాత్రం క్లారెన్స్ నార్తోవర్ అనే పోలీసు సార్జెంట్ తన దగ్గర ఉంచేశాడు. 2002లో అవి మ్యూజియానికి చేరాయి. అదే ఏడు డీఎన్ఏ పరీక్ష చేసి ఆ బిడ్డ 13 నెలల ఐనో పనూలా అన్నారు. కానీ ఆ వయసు బిడ్డకు ఈ బూట్లు పెద్దవి. మళ్లీ పరీక్షించి 2007లో 19 నెలల సిడ్నీ గుడ్విన్ అని తేల్చారు. ప్రయోగశాల చెప్పిన పేరును అనుమానించడానికి ఆ బూట్లూ ఒక కారణం అయ్యాయి.

చీటీ సంగతి. నేనైతే నాలుగు భాగాలు పెడతాను: ఒకటి, వస్తువు ఏమిటి, దేనితో చేసింది; రెండు, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా దొరికింది; మూడు, కాగితాలు ఏం చెబుతున్నాయి; నాలుగు, మనం ఏం ఊహిస్తున్నాం. నాలుగోదాంట్లో 'కావచ్చు' అన్న మాట తప్పనిసరి. మొత్తం యాభై అరవై మాటలు దాటకూడదు, నిలబడి చదివేవాళ్లు అంతకంటే చదవరు. అక్షరం మీటరు దూరం నుంచి కనబడాలి. తెలుగులో వత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు బోర్డు కొలత తీసుకుంటే చాలదు, 24 పాయింట్లకు తగ్గొద్దు, వరసల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వండి.

ఉప్పునీరు

పదార్థాల సంగతి నేను చెబుతాను.

కాగితం బతకడానికి కారణం ఎక్కువసార్లు తోలే. సున్నం పెట్టి వెంట్రుకలు తీసి, చెట్ల బెరడులోని టానిన్‌తో గానీ క్రోమియం లవణాలతో గానీ పదును చేసిన తోలును సూక్ష్మజీవులు తినడానికి ఇష్టపడవు. తోలు సంచి మూసుకుని ఉంటే లోపల ఆక్సిజన్ అందదు, చీకటి, చల్లదనం. కాగితం, సిరా మిగిలిపోతాయి. మన తంగేడు బెరడుతో దక్షిణాదిన తోలు పదును చేసేవాళ్లు. పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఆంబూరు, వాణియంబాడి వైపు ఇప్పటికీ తోలు పరిశ్రమ ఉంది. షోకేసు పక్కన ఒక తంగేడు కొమ్మ, ఒక తోలు ముక్క పెట్టండి. మన పిల్లలు రోడ్డు పక్కన చూసే మొక్కే కాబట్టి వెంటనే పట్టేస్తారు.

ఉన్ని, పట్టు, తోలు మాంసకృత్తులతో ఏర్పడినవి. రవంత ఆమ్ల గుణం ఉన్న బురదలో నిలబడతాయి. నూలు, నార అక్కడ త్వరగా పోతాయి. క్షార గుణం ఉన్నచోట ఇది తిరగబడుతుంది. కానీ గట్టిగా మూసిన ట్రంకులో నూలు కూడా దక్కుతుంది. 1857 సెప్టెంబర్‌లో మునిగిన సెంట్రల్ అమెరికా ఓడలో కొత్తగా పెళ్లయిన ఈస్టన్ దంపతుల ట్రంకు దాదాపు 2,200 మీటర్ల లోతులో దొరికింది. అందులో మడతపెట్టిన చొక్కాలు మిగిలాయి. రాగి, కంచు పక్కన ఉన్న కర్ర, గుడ్డ కూడా తరచు బతుకుతాయి, రాగి లవణాలు సూక్ష్మజీవులకు విషం. విడిగా ఉన్న కర్రను ఓడపురుగు తొలిచేస్తుంది. చాలా లోతులో సముద్రపు నీటికి కాల్షియం కార్బొనేట్‌ను కరిగించే గుణం ఉంటుంది, అందుకే ఎముకలు కరిగిపోతాయి, బూట్లు మిగులుతాయి. ఇక ఇనుమును ఉప్పునీరూ సూక్ష్మజీవులూ కలిసి తింటాయి. టైటానిక్ తుప్పులో దొరికిన ఒక కొత్త బాక్టీరియాకు 2010లో ఆ ఓడ పేరే పెట్టారు, హలోమోనాస్ టైటానికే అని.

లోపలి ఇనుము పూర్తిగా పోయినా చుట్టూ ఇసుక, సున్నం, తుప్పు కలిసి గట్టి పెంకు కడుతుంది. దాన్ని సుత్తితో పగలగొట్టరు. ముందు ఎక్స్‌రే తీస్తారు. లోపల బోలుగా ఉంటే చిన్న రంధ్రం పెట్టి ఎపాక్సీ రెసిన్ పోసి, గట్టిపడ్డాక పెంకు తీసేస్తారు. అసలు తాళంచెవి లేకపోయినా దాని అచ్చు చేతికొస్తుంది.

పైకి తేవడం కంటే తెచ్చాక కాపాడటమే కష్టం. నీళ్లలోంచి తీసి గమ్మున ఎండలో పెడితే లోపలి ఉప్పు గడ్డకట్టి వస్తువును పగలగొడుతుంది. అందుకే ముందు తడిగానే ఉంచి ఉప్పు దించుతారు. ఇనుమును 2 శాతం సోడియం హైడ్రాక్సైడ్ వంటి క్షార ద్రవంలో నెలల తరబడి ఉంచి ద్రవం మారుస్తుంటారు. తోలుకు గ్లిసరిన్ గానీ పెగ్ 400 (పాలిథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం) గానీ పట్టించి, తర్వాత గడ్డకట్టించి శూన్యంలో ఆరబెడతారు. కాగితాన్ని తడిగానే ఫ్రీజ్ చేసి అట్లాగే ఆరబెడతారు.

మీ ప్రయోగం ఇది. కుమ్మరి దగ్గర తక్కువ కాల్చిన, మెరుగు లేని కుండ పెంకులు పది తెచ్చుకోండి. లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు కలపండి, సముద్రంలో దాదాపు అంతే ఉంటుంది. పెంకులు పది రోజులు నానబెట్టండి. తర్వాత ఐదింటిని నేరుగా ఎండలో పెట్టండి. మిగతా ఐదింటిని వాటి పరిమాణానికి కనీసం ఐదింతల మంచినీళ్లలో వేసి రోజూ నీళ్లు మార్చండి. మార్చే ముందు టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ముంచి అంకె రాసిపెట్టండి. అంకె కొత్త నీళ్ల అంకెకు దగ్గరికొచ్చి రెండు మూడు రోజులు అక్కడే నిలిస్తే తీసి నీడలో ఆరబెట్టండి. మొదటి ఐదింటి మీద తెల్లటి పొడి, పొరలు లేవడం కనబడుతుంది. రెండో ఐదూ శుభ్రంగా ఉంటాయి. ఆ అంకెల పట్టిక కూడా పక్కన అతికించండి.

ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాను. బోరు నీళ్లు వాడొద్దు, వాటిలోని సున్నమే తెల్లగా కనబడి ప్రయోగం చెడుతుంది. ఆర్వో నీళ్లు వాడండి. పెంకు బాగా కాల్చిందైతే తెలుపు తొందరగా కనబడదు, తడిపి ఆరబెట్టడం రెండు మూడు సార్లు చేయాలి. డిసెంబరులో వానలుంటే ఎండదు, ఫ్యాను కింద పెట్టండి. కాబట్టి ప్రదర్శనకు కనీసం నెల ముందే మొదలెట్టండి.

కెమిస్ట్రీ ల్యాబు సాయముంటే ఇంకొకటి. కడిగిన నీళ్లు 10 మిల్లీలీటర్లు గాజు గొట్టంలో తీసుకుని, పలచని నైట్రిక్ ఆమ్లం కొన్ని చుక్కలు, తర్వాత 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ కొన్ని చుక్కలు వేయండి. ఉప్పుంటే పాలలాంటి తెలుపు. పక్కన స్వేదనజలం గొట్టం పోలికకు ఉండాలి. కుళాయి నీళ్లు వాడితే వాటిలోని క్లోరైడు వల్లే తెల్లబడుతుంది. సిల్వర్ నైట్రేట్ చేతులను నల్లగా మరకలు చేస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. గ్లవ్స్, కళ్లద్దాలతో ల్యాబ్ అసిస్టెంటే చేయాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

కల్యాణి_గట్టు

పాతకాగితం గారు చెప్పినవి బాగున్నాయి గానీ అన్నీ టైటానిక్ చుట్టే తిరిగాయి. మన దేశం నుంచి బయల్దేరిన ఓడలు లేకపోతే తిరుపతిలో ఈ ప్రదర్శన సగమే అవుతుంది. రెండు చెబుతాను.

ఎస్ఎస్ గైర్‌సొప్పా. కలకత్తాలో బయల్దేరిన బ్రిటిష్ సరుకు ఓడ. వెండి, పోత ఇనుము, టీ, వాటితో పాటు టపా. 1941 ఫిబ్రవరిలో ఐర్లండ్‌కు నైరుతిగా జర్మన్ జలాంతర్గామి యూ-101 ముంచేసింది. ఒకే ఒక్కడు బతికాడు, సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ ఎయర్స్. 2011లో దాదాపు 4,700 మీటర్ల లోతులో శిథిలం దొరికింది. వెండి కోసం దిగినవాళ్లకు 700కు పైగా ఉత్తరాలు దొరికాయి. 2018లో లండన్ పోస్టల్ మ్యూజియం వాటితో ప్రదర్శన పెట్టింది. మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులు, ఉద్యోగులు ఇంటికి రాసుకున్న ఉత్తరాలవి.

ఇక్కడే ఒక సంగతి చూడండి. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే మన దేశపు ఓడ పనివాళ్లు. ఉత్తరాలు రాసినవాళ్లు ఆ ఓడలోనే లేరు. ఓడలో చనిపోయిన లాస్కర్ల మాట ఒక్కటీ ఆ టపాసంచుల్లో లేదు. ఈ తేడాను బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాయాలని నా పట్టుదల.

రెండోది ఎస్ఎస్ తిలావా. 1942 నవంబరులో బొంబాయి నుంచి మొంబాసా, మపుటో, డర్బన్ దారిన బయల్దేరింది. 23న జపాన్ జలాంతర్గామి ఐ-29 ముంచింది. 958 మందిలో 280 మంది పోయారు. ప్రయాణికుల్లో చాలామంది తూర్పు, దక్షిణ ఆఫ్రికాకు పోతున్న భారతీయ కుటుంబాలు. 2017లో ఆ ఓడలోంచి 2,364 వెండి కడ్డీలు పైకి తీశారు, దాని మీద హక్కు ఎవరిదని బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయి 2024లో దక్షిణాఫ్రికాకు అనుకూలంగా తీర్పొచ్చింది. కడ్డీకి కడ్డీ లెక్కుంది. ప్రయాణికుల మూటల లెక్క అట్లా లేదు.

కూలీ ఓడలు కూడా ఉన్నాయి. 1884 మే 11న సిరియా అనే ఓడ ఫిజీలో నసీలై దిబ్బకు తగిలి పగిలింది. కలకత్తా నుంచి చెరకు తోటలకు పోతున్న కూలీలు అందులో ఉన్నారు. 59 మంది పోయారు.

ఇప్పుడు మీ చిత్తూరు ట్రంకు దగ్గరికొస్తాను. ఓడ మునగలేదు కాబట్టే దాన్ని పెట్టాలి. 'ఇదే పెట్టె సముద్రం అడుగుకు పోయుంటే ఇందులో ఏది మిగిలేది?' అని షోకేసు మీద రాసి, ఒక్కో వస్తువు దగ్గర చీటీ పెట్టండి. నూలు పంచె: అనుమానమే. వెదురు బుట్ట, తాటాకు: ఓడపురుగులకు, సూక్ష్మజీవులకు పోతాయి. ఇత్తడి చెంబు, గాజులు: ఉంటాయి. రేకు: తుప్పు పెంకు మాత్రమే. మొదటి తరగతి ప్రయాణికుడు తోలు పెట్టెల్లో సర్దుకున్నాడు, కూలీ గుడ్డమూట కట్టుకున్నాడు. సముద్రం ఒకరి వస్తువులు దాచి ఇంకొకరివి కరిగించింది. మ్యూజియాల్లో కనబడే సామాన్లు చూసి ఓడలో ఎవరున్నారో లెక్కేస్తే పేదవాళ్లు లెక్కలో పడరు. మీ దగ్గర ఆ ట్రంకు ఉండబట్టే ఈ మాట చూపించి చెప్పగలుగుతారు, వేరేచోట దొరకని అవకాశం.

ఆర్కాటు_దస్త్రం

చిత్తూరు సంబంధం గురించి కొంచెం. 1860 నుంచి 1911 దాకా నటాల్‌కు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా పోయారు, అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. ప్రతి ఓడకూ జాబితా రాశారు. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి.

వెతికేటప్పుడు చాలామంది 'చిత్తూరు జిల్లా' అని చూసి లేదనుకుంటారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు వెళ్లినవాళ్లు ఉత్తర ఆర్కాటు కింద ఉంటారు. మదనపల్లె, వాయల్పాడు వైపు వాళ్లయితే కడప కింద చూడాలి. ఊరి పేర్లు గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాశారు, కాబట్టి పేరుతో కాక తండ్రి పేరు, తాలూకా, ఒంటి గుర్తు మూడూ కలిసేలా చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ పాత దస్త్రాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కుటుంబం దగ్గర కూలీ నంబరు ఉన్న కాగితం ఏదైనా ఉందేమో ముందు అడగండి. ఆ ఒక్క నంబరు దొరికితే మిగతా పని చాలా తగ్గుతుంది.

ఇంకో మాట. జాబితాలో కులం గడి ఉంటుంది. దాన్ని ప్రదర్శనలో చూపించే ముందు కుటుంబాన్ని అడగండి. వద్దంటే ఆ గడి కప్పేసి పెట్టండి.

శేషాచలం_నీడ

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఆ ట్రంకు షోకేసు ఆలోచన మా మేడంకి బాగా నచ్చింది, ప్రదర్శన మధ్యలో అదే పెడతాం. ఇంకో మూడు సందేహాలు. ఉత్తరాల్లో ఒకటి మడతల్లో అతుక్కుపోయి ఉంది, ఆవిరి పట్టి విప్పొచ్చా? ట్రంకు తుప్పుకు కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని ఒకరన్నారు, నిజమేనా? టైటానిక్ వయొలిన్ అమ్ముడుపోయిన ధర బోర్డు మీద పెట్టాలా వద్దా అని మాలో మాకే వాదన.

పాతకాగితం

వయొలిన్ పెట్టండి, ధర అక్కర్లేదు. పెట్టాలనుకుంటే చివరి వరసలో చిన్నగా పెట్టండి: 2013లో 9,00,000 పౌండ్లు. దాంట్లో చెప్పుకోవాల్సింది వేరే ఉంది. వాలెస్ హార్ట్‌లీ ఆ ఓడ వాద్యబృందానికి నాయకుడు. వయొలిన్ మీది వెండి రేకు మీద, నిశ్చితార్థం సందర్భంగా మరియా ఇచ్చినట్టు చెక్కి ఉంది. అతని దేహం దగ్గర దొరికినవాటి జాబితాలో వయొలిన్ పేరు లేదు, అందుకే చాలామంది నకిలీ అన్నారు. ఏడేళ్లు పరీక్షలు చేశారు. లోహం మీది తుప్పు చూశారు, సీటీ స్కాన్ తీశారు. వాటితో పాటు మరియా డైరీలో ఒక టెలిగ్రాం ముసాయిదా దొరికింది, వయొలిన్ తిరిగి పంపినందుకు కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్ర అధికారికి కృతజ్ఞతలు చెబుతూ 1912 జూలైలో రాసుకున్నది. వస్తువు, తుప్పు, కాగితం మూడూ ఒకే దిక్కు చూపిస్తేనే ఒప్పుకున్నారు.

దీని పక్కనే సెంట్రల్ అమెరికా ఓడ ప్యాంటు ఫోటో పెట్టండి. 2022లో 1,14,000 డాలర్లకు పోయింది. లీవైస్ అనే జీన్స్ కంపెనీ తొలి ప్యాంటని వేలంలో ప్రచారం జరిగింది. ఆ కంపెనీ రివెట్ల ప్యాంటుకు పేటెంటు వచ్చింది 1873లో, ఓడ మునిగింది 1857లో. కంపెనీ చరిత్రకారులే అది ఊహ అన్నారు. రెండూ పక్కపక్కన ఉంటే రుజువుకీ ప్రచారానికీ తేడా పిల్లలే పట్టేస్తారు.

ఉప్పునీరు

ఆవిరి వద్దు. పాత సిరాల్లో కొన్ని తడి తగిలితే చెదిరిపోతాయి, ఇనుప సిరా అయితే కాగితాన్నే తినేస్తుంది. అతుక్కున్న ఉత్తరాన్ని అట్లాగే వదిలి, విప్పినవాటి ఫోటో ప్రింట్లు ప్రదర్శించండి. విప్పాల్సి వస్తే అది కాగితాల సంరక్షణ నేర్చినవాళ్ల పని. సెల్లోటేపు, లామినేషన్ రెండూ నిషిద్ధం. టేపు జిగురు కొన్నేళ్లలో పసుపుగా మారి కాగితంలోకి ఇంకుతుంది, లామినేషన్‌ను మళ్లీ విడదీయలేం.

కొబ్బరినూనె కూడా వద్దు. దుమ్ము పట్టి జిడ్డుగా గడ్డకడుతుంది, కింద తుప్పు సాగుతూనే ఉంటుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, అంతే. గరుకు కాగితంతో రుద్దితే పెట్టె మీద రాసిన పేరు, రేవు గుర్తులు పోతాయి, అవే మీకు కావాల్సింది. నాఫ్తలీన్ ఉండలు లోపల పెట్టొద్దు. పాలిథీన్ కవరు చుట్టొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

షోకేసులో పెట్టేటప్పుడు ట్రంకును నేరుగా ప్లైవుడ్ మీద ఆనించకుండా, ఉతికిన గంజిలేని మల్లుగుడ్డ పరవండి. కింద చిల్లుల పళ్లెంలో చెమ్మ పీల్చే సిలికా జెల్ ఉంచండి. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు మార్చాలో కనబడుతుంది. తడి పట్టినవాటిని ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. చవకైన తేమ మీటరు ఒకటి లోపల పెట్టండి. ఇనుముకు తేమ 40 శాతానికి లోపు ఉంటే మేలు, కాగితానికి 45 నుంచి 55 బాగుంటుంది. అందుకే రెండూ ఒకే షోకేసులో వద్దు. ఉత్తరాల దగ్గర వెలుతురు 50 లక్స్ దాటకూడదు. షోకేసు లోపల బల్బు పెట్టకుండా బయటి నుంచి ఎల్ఈడీ పడేలా చూడండి, కిటికీ ఎండ తగిలే గోడ వదిలేయండి.

కల్యాణి_గట్టు

కుటుంబంతో కాగితం రాసుకోవడం మరవొద్దు తమ్ముడూ. రెండు ప్రతులు చేయండి. ఏ వస్తువు, ఏ తేదీన తీసుకున్నాం, ఏ తేదీన ఇస్తాం, ఎవరి బాధ్యత. ట్రంకు ఆరు వైపులా, మూత లోపల, తాళం దగ్గర ఫోటోలు తీసి, ఉన్న సొట్టలు, చిల్లులు అన్నీ రాసి ఇద్దరూ సంతకం చేయండి. తిరిగిచ్చేటప్పుడు అవే ఫోటోలతో పోల్చి చూసుకుంటారు. పెట్టె వందేళ్లు దాటిందైతే 1972 పురావస్తువుల చట్టం దానికి వర్తించవచ్చు. ఇక్కడ ప్రదర్శించడానికి ఇబ్బందేమీ లేదు గానీ, డర్బన్‌లో ఉన్న బంధువులకు పంపుదామని వాళ్లనుకుంటే అనుమతి లేకుండా కుదరదని ఇప్పుడే చెప్పండి.

పసిబిడ్డ బూట్ల నమూనా చేయించొద్దు. మ్యూజియం ఇచ్చే ఫోటో ఒకటి, పక్కన ఆ బిడ్డ పేరు, వయసు, చీటీ. చాలు. సముద్రం అడుగున జతగా పడున్న బూట్ల ఫోటోలు కూడా నెట్‌లో దొరుకుతాయి, అవి వాడొద్దు. అక్కడ ఒక మనిషి ఉండి ఉండొచ్చు.

శేషాచలం_నీడ

సరే అక్కా, ఒప్పంద కాగితం ఈ వారమే రాయించుకుంటాం. పెంకులు తేవడానికి రేపు కుమ్మరి దగ్గరికి పోతున్నాం. టీడీఎస్ అంకెలు వచ్చాక పట్టిక ఇక్కడే పెడతాను, తప్పేమైనా ఉంటే చెప్పండి.